గాలి తగ్గినవారి వెంట అందరూ

పదిమంది కలిసి ఊరెళితే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే చెల్లుతుంది. ఎక్కడ తినాలి, ఎన్నింటికి లేవాలి, ఫొటోలో ఎవరు ముందుండాలి, అన్నీ వాళ్లే తేలుస్తారు. నెమ్మదస్తులు వెనకాల నడుస్తుంటారు. అండమాన్‌లోని హేవ్‌లాక్‌కి స్కూబా డైవింగ్ కోసం వెళ్లిన గుంపులో ఈ పెత్తనం నీళ్ల అంచునే ఆగిపోతుంది. నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ పెట్టుకున్నాక మాట్లాడేవి చేతులే. చుట్టాలతో, స్నేహితులతో గడపదగ్గ సెలవుల్లో డైవింగ్‌కి నేను పెద్దపీట వేసేది అందుకే.

ఆ దీవికి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ, పడవల దగ్గర ఇంకా హేవ్‌లాక్ అనే అంటారు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) దిగి ఫెర్రీ ఎక్కాలి. ఆ ఊరి బజార్లో తెలుగు వినపడితే ఆశ్చర్యపోనక్కర్లేదు, మనవాళ్లు అక్కడ స్థిరపడి తరాలైంది. హేవ్‌లాక్‌లో వినిపించేది మాత్రం ఎక్కువగా బెంగాలీయే. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకు 1950ల్లో అక్కడ భూములిచ్చారు.

డైవింగ్‌లో మొదటి పరీక్ష నీళ్లలో కాదు, బల్ల మీద ఉంటుంది. ఆరోగ్య వివరాల ఫారం ఇస్తారు. ఆస్తమా ఉందా, గుండె జబ్బు ఉందా, చెవికి ఆపరేషన్ అయిందా అని అడుగుతారు. మా వదినకి ఆస్తమా ఉంది. "ఒక్కసారికి ఏమవుతుంది వదినా, లేదని రాసెయ్" అన్నారెవరో. "నా ఊపిరి సంగతి నాకు తెలుసు, ఉన్నదే రాస్తాను" అంది. డాక్టరు అనుమతి లేనిదే కుదరదన్నారు, ఆమె దిగలేదు. ఆమెది పిరికితనం కాదు. బిగుసుకుపోయిన శ్వాసనాళాల్లో గాలి చిక్కుకుంటే, పైకి వచ్చేటప్పుడు అది వ్యాకోచించి ఊపిరితిత్తుల్నే చీల్చగలదు. గుంపు మొహమాటానికి ఆ ఫారంలో అబద్ధం రాయించడం కన్నా పెద్ద ద్రోహం లేదు.

మిగతా వాళ్లం ఓపెన్ వాటర్ కోర్సు చేశాం. అది పూర్తయితే 18 మీటర్ల దాకా దిగవచ్చు. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెండింతలు. దిగేటప్పుడు ముక్కు మూసుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోవాలి. అదీ నొప్పి మొదలవక ముందే. ఒకరి చెవి సర్దుకోకపోతే అరచెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపిస్తారు. ఆ మనిషి కాస్త పైకెళ్లి మళ్లీ ప్రయత్నిస్తుంటే మిగతావాళ్లు ఆగుతారు. విసుక్కోవడానికి ఏ సంజ్ఞా లేదు!

లోతు పెరిగేకొద్దీ ప్రతి ఊపిరికీ ట్యాంకులోంచి ఎక్కువ గాలి పోతుంది. పది మీటర్ల దగ్గర రెండింతలు, ఇరవై దగ్గర మూడింతలు. మా బావ మనిషి భారీ, ఏ పనికైనా తొందర. చేపల వెనక కాళ్లు టపటపా కొట్టుకుంటూ పోయేవాడు. 200 బార్ ఒత్తిడితో దిగిన ట్యాంకు గేజ్ మీద ముల్లు అందరికంటే ముందు ఆయనదే పడిపోయేది. డైవ్‌కి ముందే ఒప్పుకున్న నియమం ఒకటుంది: ఎవరి గాలి ముందు తగ్గితే వారితో పాటు అందరూ పైకి. అలా ఓ పూట, అనిమొన్ అనే సముద్రజీవిలో దాక్కుని ఆడుతున్న నీమో చేపల (క్లౌన్‌ఫిష్) గుంపును వదిలి కదలాల్సి వచ్చింది. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చనిపోతే దాని జోడీ మగచేపే ఆడదిగా మారిపోతుంది. అంతటి వింత కళ్లెదుట ఉండగా, బావ గేజ్ చూపించగానే ఒక్కరు కూడా వెనకాడలేదు. జాగ్రత్త కోసం అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి, అందరం కలిసే తేలాం.

పడవెక్కాక బావ నేరుగా మా అక్క దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఏ గుంపులోనైనా వెనకాల నడిచే మనిషి ఆమె. ప్రతిసారీ ట్యాంకులో ఎక్కువ గాలి మిగిలేది ఆమెకే. "ఎలా పీలుస్తావు, నాకూ నేర్పు" అన్నాడు. "చేతులు కట్టుకో, తొందరపడకు, వదిలే ఊపిరి పొడుగ్గా వదులు" అంది. ఆమె చెబుతుంటే ఆయన మధ్యలో మాట కలపకుండా వినడం అదే మొదటిసారి చూడడం.

ఇక అక్కడి పగడాల రీఫ్ గురించి. నీళ్లు వేడెక్కి 1998లో, 2010లో అండమాన్ పగడాలు తెల్లబడ్డాయి. కోలుకుంటున్న చోట మన కాలి ఫిన్ ఒక్కటి తగిలినా ఏళ్లతరబడి పెరిగిన కొమ్మ విరిగిపోతుంది. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఒడ్డున దొరికిన ముక్కయినా ఇంటికి తేకూడదు. ఫొటో కోసం పగడం పట్టుకుని నిలబడమనేవాళ్లు ఎదురైతే నిలబడకండి.

మీ గుంపు వెళ్తుంటే టికెట్లు కొనేముందు ఒక్క లెక్క చూసుకోండి. వరుసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటకు పోవడానికి ఆ వ్యవధి కావాలి. ఆ రోజు హేవ్‌లాక్‌లోని రాధానగర్ బీచ్‌కి పెట్టుకోండి, డైవ్ చేయనివాళ్లకీ అది అందరితో గడిపే రోజవుతుంది.