చివరి వరసకూ అదే రోడ్డు

జులై 4న తెల్లవారేసరికి మా అట్లాంటాలో పీచ్‌ట్రీ రోడ్డు మీద కార్లు బంద్. లెనాక్స్ స్క్వేర్ మాల్ దగ్గర నుంచి పీడ్‌మాంట్ పార్కు దాకా పది కిలోమీటర్లు, ఆ పూట పరుగెత్తేవాళ్లకే. 1970లో 110 మందితో మొదలైన ఈ పరుగు పందేనికి ఇప్పుడు వేలకు వేలమంది వస్తారు. గెలవడానికి వచ్చినవాళ్లు ముందు వరసల్లో ఉంటారు, అరగంటకు కాస్త అటూ ఇటూగా వాళ్ల పని అయిపోతుంది. నేను రాస్తున్నది వాళ్ల గురించి కాదు, ఆ తర్వాత గంటల తరబడి వచ్చే మాలాంటివాళ్ల గురించి.

ఆల్ఫారెట్టా, కమింగ్ వైపు ఉండే తెలుగు ఇళ్లలో రోజంతా కాలు నేల మీద పెట్టకుండానే గడిచిపోతుంది. గరాజ్‌లో కారెక్కితే ఆఫీసు పార్కింగ్‌లో దిగడం, అక్కణ్ణుంచి పిల్లల క్లాసులు, మళ్లీ గరాజ్. మా కాలనీ ఆడవాళ్లం కొందరం కలిసి బిగ్ క్రీక్ గ్రీన్‌వే మీద నడక మొదలుపెట్టినప్పుడు పరుగు మాటే లేదు. మాలో చాలామంది చివరిసారి పరుగెత్తింది హైస్కూల్లో, ఆటల పీరియడ్‌లో. అప్పుడైనా ఫస్టు వచ్చే పిల్లనే గ్రౌండ్‌లో ఉంచేవారు, మిగతా వాళ్లం గట్టు మీద కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లం.

మాకు దారి చూపింది జెఫ్ గాల్లోవే పద్ధతి. ఈ పందెం మొట్టమొదటిసారి గెలిచినవాడాయన, 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తినవాడు. అంతటి మనిషి మామూలు జనానికి నేర్పింది ఏమిటంటే, కాసేపు పరుగు, కాసేపు నడక, మళ్లీ పరుగు. అలసిపోయాక నడవడం కాదు, అలసట రాకముందే నడవాలి. వినడానికి చిన్న మాటే. కానీ మధ్యలో నడిస్తే ఓడిపోయినట్టే అనుకుంటూ పెరిగిన మాకు అది పెద్ద విడుదల. రెండు నిమిషాల పరుగు, నిమిషం నడక అని లెక్క పెట్టుకుని వేసవి మొదట్నుంచీ తిరిగాం. మోకాళ్ల నొప్పులని భయపడ్డ అక్కయ్య ఒకావిడ ఈ పద్ధతిలోనే మా అందరికన్నా నిలకడగా వెళ్లింది.

పందెం రోజు నార్త్ స్ప్రింగ్స్‌లో మార్టా రైలెక్కాం. పెట్టె నిండా ఛాతీ మీద నంబర్లు తగిలించుకున్నవాళ్లే. ఏడు కాకముందే మన కోస్తా ఉక్కపోత. వేగాన్ని బట్టి గుంపులు చేసి ఒక్కో గుంపునీ వదులుతారు. మా వంతు వచ్చేసరికి ముందువాళ్లు ఎప్పుడో పార్కు చేరి ఉంటారు. అయినా గీత దాటిన క్షణం నుంచే బూటుకో నంబరు కాగితానికో ఉన్న చిప్ మన కాలం లెక్క మొదలుపెడుతుంది. ఆలస్యంగా బయల్దేరినందుకు ఎవరికీ ఒక్క సెకను నష్టం లేదు.

మొదటి సగం దాదాపు దిగుడే. సెయింట్ ఫిలిప్ చర్చి ముందు ఫాదర్లు పరుగెత్తేవాళ్ల మీద పవిత్ర జలం చల్లుతారు. ఆ ఎండలో ఏ మతంవాళ్లయినా తల వంచి చల్లించుకుంటారు. పీచ్‌ట్రీ వాగు దాటాక అసలు సంగతి మొదలవుతుంది. కార్డియాక్ హిల్ అని పేరున్న ఎత్తు. ఎక్కేకొద్దీ ఇంకా ఉంటుంది. పిక్కలు పట్టేస్తాయి, ఊపిరి గొంతులోనే తిరుగుతుంది.

ఆ ఎత్తు మీద షెపర్డ్ సెంటర్ ఉంది. వెన్నుపాముకూ మెదడుకూ దెబ్బలు తగిలినవాళ్లకు వైద్యం చేసే ఆసుపత్రి. ఆ పొద్దున అక్కడి రోగులు వీల్‌చెయిర్లలో బయటికొచ్చి రోడ్డు పక్కన వరసగా ఉంటారు, నర్సులూ ఇంటివాళ్లూ వెనక నిలబడతారు. చేతులు కదిలేవాళ్లు గంటలు మోగిస్తారు, కదలనివాళ్లు నవ్వుతారు. చాలామంది పరుగు ఆపి, పక్కకొచ్చి వాళ్ల చేతికి చెయ్యి తాకించి వెళ్తారు. నేనూ వెళ్లాను. ఇరవై ఏళ్ల కుర్రాడొకడు, మెడకు పట్టీ ఉంది, నా కళ్లలోకి చూసి ఇంకొంచెమే అన్నట్టు గడ్డం పైకెత్తాడు. ఆ చూపు జాలి అడగలేదు. శరీరాన్ని ఒక్క అంగుళం ముందుకు జరపడమంటే ఏమిటో నాకన్నా అతనికి బాగా తెలుసు. అందరికన్నా ముందు వీల్‌చెయిర్ పందెంవాళ్లు ఇదే ఎత్తును భుజాల బలంతోనే ఎక్కి వెళ్లారని గుర్తొచ్చింది. మిగతా కొండ ఎలా ఎక్కానో వేరే చెప్పక్కర్లేదు.

పార్కులో ఇచ్చే టీషర్టు మీద ఏ బొమ్మ ఉంటుందో ఆ రోజు దాకా బయటపెట్టరు. గీత దాటినవాళ్లకే అది. ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుకుంటుంటే ఆ చొక్కా చూసి ఎవరో పలకరిస్తారు, కొండ గురించి మాట్లాడుకుంటాం.

ఈ పందెంలో నాకు బాగా నచ్చేది చివరివాళ్లకు దక్కే మర్యాద. వాళ్లకూ నీళ్ల గ్లాసు అందుతుంది, పాట వినిపిస్తుంది, చప్పట్లు పడతాయి. మన సంఘాలు కూడా ఇప్పుడు అక్కడక్కడా 5కే పరుగులు పెడుతున్నాయి, సంతోషం. కానీ నేను చూసినవాటిలో మొదటి ముగ్గురికి పతకాలు ఇచ్చి, ఫొటోలయ్యాక టెంటు విప్పేస్తున్నారు. అప్పటికి తల్లులూ, ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లూ ఇంకా దారిలోనే ఉంటున్నారు. ఈసారి పరుగు పెట్టేవాళ్లకు నా మనవి ఒకటే. చివరి అమ్మమ్మ వచ్చేదాకా గడియారం ఆపకండి, అరటిపళ్లు సర్దకండి. గీత దగ్గర నిలబడేవాళ్లు తక్కువైతే చెప్పండి, మా గ్రీన్‌వే బృందం వస్తుంది.