గాదంకి రాడార్‌కు చిక్కే ప్లాస్మా బుడగలు

తిరుపతికి దగ్గరలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అంతరిక్ష విభాగానికి చెందిన ఈ సంస్థలో ప్రధాన పరికరం ఎంఎస్‌టీ రాడార్. దీనికి గుండ్రంగా తిరిగే పళ్లెం ఉండదు. ఒక్కో వైపు సుమారు 130 మీటర్లున్న మైదానంలో, వరుసకు 32 చొప్పున 32 వరుసల్లో, 1,024 చోట్ల యాగీ యాంటెన్నాలు నిలబడి ఉంటాయి. ఒకప్పుడు టీవీ కోసం ఇళ్ల మీద కట్టుకున్నవీ ఈ కోవవే. ఇక్కడ ప్రతిచోటా రెండేసి, ఒకదానికొకటి అడ్డంగా బిగించి ఉంటాయి. అవి కదలవు. వాటికందే సంకేతాల దశను మార్చి రేడియో పుంజాన్ని కావలసిన దిక్కుకు తిప్పుతారు.

ఈ రాడార్ రాత్రివేళ గమనించే వాటిలో ప్లాస్మా బుడగలు ముఖ్యమైనవి. పగలు ఎండ తాకిడికి వాతావరణపు పై భాగమైన ఐనో ఆవరణంలో విద్యుదావేశ కణాలు, అంటే ప్లాస్మా, పుడతాయి. పొద్దు గుంకగానే కింది పొరలో అవి త్వరగా తగ్గిపోతాయి, పై పొరలో నిలిచి ఉంటాయి. అదే సమయంలో అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర విద్యుత్ క్షేత్రం కాసేపు బలపడి పై పొరను ఇంకా పైకి నెడుతుంది. నూనె మీద నీళ్లు పోసినట్టు, పలుచని దాని మీద చిక్కనిది నిలుస్తుంది. ఆ అమరిక తట్టుకోలేక పలుచని ప్లాస్మా బుడగలై పైకి లేస్తుంది. కొన్ని 1,000 కిలోమీటర్ల ఎత్తు దాటుతాయి. అయస్కాంత రేఖల వెంట ఉత్తర దక్షిణాలకు సాగుతాయి. వాటి అంచుల్లో కిలోమీటర్ల నుంచి మీటర్ల దాకా రకరకాల పరిమాణాల్లో అలజడులు ఏర్పడతాయి.

రాడార్ 53 మెగాహెర్ట్జ్‌ వద్ద పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యంలో సగం, అంటే దాదాపు 2.8 మీటర్ల అలజడుల నుంచే దానికి ప్రతిధ్వని వస్తుంది. పుంజం అయస్కాంత రేఖలకు లంబంగా ఉండాలి కాబట్టి నడినెత్తి నుంచి కాస్త ఉత్తరానికి వంచుతారు. ఆ ప్రతిధ్వనులతో గీసిన చిత్రంలో అడ్డంగా సమయం, నిలువుగా ఎత్తు ఉంటాయి. బుడగలు దాటుతున్నప్పుడు పైకెగసిన ప్రతిధ్వని చారలు కనిపిస్తాయి.

ఈ అలజడుల గుండా వచ్చిన ఉపగ్రహ సంకేతం చెదిరి, దాని బలం క్షణక్షణం హెచ్చుతగ్గులకు లోనవుతుంది. దీన్నే సింటిలేషన్ అంటారు. తీవ్రమైతే జీపీఎస్ రిసీవర్‌కు ఉపగ్రహంతో లంకె తెగుతుంది. తక్కువ పౌనఃపున్యాలకు దెబ్బ ఎక్కువ. అందుకే మన దేశపు స్థాననిర్ణయ ఉపగ్రహ వ్యవస్థ నావిక్‌లో 1,176 మెగాహెర్ట్జ్ సంకేతం కంటే 2,492 మెగాహెర్ట్జ్ సంకేతం బాగా తట్టుకుంటుంది. రెండు పౌనఃపున్యాలను పోల్చి ఐనో ఆవరణం వల్ల కలిగే సంకేతం ఆలస్యాన్ని సరిదిద్దవచ్చు గానీ, తెగిన లంకెను ఆ పద్ధతి కలపలేదు.

మన దేశం మీద ఈ బెడద సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో, విషువత్తుల చుట్టూ ఉన్న మాసాల్లో ఎక్కువ. అయితే ఒకే తీరుగా కనిపించే రెండు సాయంత్రాల్లో ఒకనాడు బుడగ పుడుతుంది, మరొకనాడు పుట్టదు. ఏ రాత్రి పుడుతుందో ముందే చెప్పగలగడమే ఈ రంగంలో ఇంకా తేలని ప్రశ్న. దానికి జవాబు వెతకడంలో గాదంకి నమోదులు ఎంతో విలువైనవి.