డియర్‌బోర్న్‌లో పాతబండ్ల తిరునాళ్ళు

మిషిగన్‌లో మా అమ్మాయి యింటికి వచ్చి నెల్లాళ్ళయింది. చూడవలసిన సరస్సులూ, తిరగవలసిన కొట్లూ అన్నీ అయిపోయినాయి. సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే అల్లుడు వచ్చి, "మామయ్యగారూ, యివాళ మిమ్మల్ని తిరునాళ్ళకు తీసుకెడతాను, తెమలండి" అన్నాడు. అమెరికాలో తిరునాళ్ళేమిటా అనుకుంటూనే బయల్దేరాను. తీరా చూద్దును గదా, పల్లకీలకు బదులు అక్కడ ఊరేగుతున్నవి నూరేళ్ళనాటి మోటారు బండ్లు!

డెట్రాయిట్ పట్నాన్ని ఆనుకుని డియర్‌బోర్న్ అనే ఊరున్నది. హెన్రీ ఫోర్డ్ అక్కడ గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అని ఒక పాతకాలపు పల్లెను కట్టించి, 1929లో ప్రారంభించాడు. తర్వాత రైట్ సోదరుల సైకిలు కొట్టును కూడా వాళ్ళ ఊరినుంచి తెప్పించి అందులో నిలబెట్టాడు. 1951లో మొదలైన ఈ పాతకార్ల పండుగ ఆ పల్లె వీధుల్లోనే జరుగుతుంది. 1932 తర్వాత పుట్టిన బండికి ప్రవేశం లేదు. బండి యజమానులు చాలామంది ఆ కాలపు టోపీలూ, కోట్లూ వేసుకుని వస్తారు. ఆడవాళ్ళు పొడుగు గౌన్లతో, గొడుగులతో సరేసరి. హారన్ల మోత మాత్రం చెవులు బద్దలు చేస్తుంది. "అహూగా" అని ఒక విచిత్రమైన కూత.

పెద్ద పెద్ద కార్ల దగ్గర జనం మూగి వున్నారు. నాకు మాత్రం చెట్టు నీడన నిలిపిన ఒక చిన్న బండి మీద చూపు నిలిచింది. ముందువైపు చూస్తే షికారు బండి. యిద్దరు కూర్చునే సీటు, పైన గుడ్డ టాపు. పక్కలకు అద్దాలు లేవు. వాన వస్తే తెరలు బిగించుకోవలసిందే. వెనకవైపు చూస్తే మన రైతు బండికున్నట్టు తొట్టి. దీన్ని రోడ్‌స్టర్ పికప్పు అంటారట.

మొదట్లో యిటువంటి బండ్లను కంపెనీ చెయ్యలేదు. కారు కొనుక్కున్న రైతులూ, వడ్రంగులూ తామే వెనకభాగం కోయించి తొట్టి కట్టించుకునేవారు. అది చూసి ఫోర్డ్ కంపెనీ 1925 ఏప్రిల్‌లో మోడల్ టీ మీద తొట్టి బిగించి తానే అమ్మకానికి పెట్టింది. ధర 281 డాలర్లు. ఆ ఏడాదే దాదాపు 34 వేల బండ్లు పోయినాయి. 1927 డిసెంబరులో మోడల్ ఏ వచ్చింది. మోడల్ టీ 20 గుర్రాల బలానికి బదులు దీనికి 40. పెట్రోలు ట్యాంకు సరిగ్గా డ్రైవరు మోకాళ్ళ ముందు, గాజుపలక కిందుగా వుంటుంది. పంపు లేదు. పెట్రోలు దానంతట అదే కిందికి జారి ఇంజనుకు పోతుంది. అయితే 1928లోనే తలుపులకు అద్దాలున్న మూతబండి కూడా వచ్చేసింది. మంచులో వణికే రైతు దేన్ని కొంటాడో వేరే చెప్పాలా? 1930ల మధ్యకు వచ్చేసరికి టాపుగుడ్డ పికప్పు కాలం చెల్లింది.

మోడల్ ఏ బండ్లు అన్నీ కలిపి సుమారు 48 లక్షలు తయారైనాయి. ఇన్నింటిలో యీ రకం యిప్పుడెందుకు కనపడదని అడిగాను. బండి పక్కన మడతకుర్చీలో కూర్చున్న పెద్దమనిషి నవ్వాడు. ఎనభై దాటిన మనిషి, చేతులు యింకా బలంగా వున్నాయి.

"కారును ఆదివారం కడుగుతారండీ. దీన్నెవరు కడుగుతారు? ఎరువూ, బొగ్గూ, పందులూ దీంట్లోనే. వానలో వదిలేస్తారు. యుద్ధం రోజుల్లో పాత ఇనుము కింద కొన్ని పోయినాయి. యుద్ధమయ్యాక కుర్రాళ్ళు పందాలకని కోసేసుకున్నవి కొన్ని" అన్నాడు.

అతని బండి 1929 నాటిది. తండ్రి పాతబండిగా కొని ఆపిల్ తోటలో వాడాడట. 1959లో కొట్టంలో పెడితే, యితను ఉద్యోగం నుంచి రిటైరయ్యాక గాని బయటికి తియ్యలేదు. ఇంజను బిగుసుకుపోయి వుంది. సిలిండర్లలో నూనె పోసి వారాల తరబడి నానబెట్టాడట. బేరింగులు యిప్పటివాటిలా కొనుక్కొచ్చి తొడిగేవి కావు. బాబిట్ అనే మెత్తని లోహం కరిగించి ఇంజనులోనే పోసి, ఆరాక కొలతకు చెక్కాలి. మన కంచరి మూస పోసినట్టే. ఆ పని తెలిసినవాళ్ళు తగ్గిపోయారు. అతను రెండు రాష్ట్రాలు దాటి ఇంజను మోసుకెళ్ళి పోయించుకొచ్చాడు. మోడల్ ఏ మరలు, మేకులు యిప్పటికీ కొత్తవి చేసి అమ్ముతున్నారు. పికప్పు క్యాబు వెనక రేకు దొరకడమే కష్టం. కారు రేకు దీనికి నప్పదు. తుప్పు తిన్న రేకును అంగుళం అంగుళం కోసి అతికాడట. మొత్తం పదకొండేళ్ళ పని.

బండి అద్దంలా మెరుస్తోంది. కాని చుట్టూ తిరిగి చూస్తే కుడివైపు తలుపు ఒక్కటీ వెలిసిపోయి, గీతలుపడి, అసహ్యంగా వుంది. రంగు అయిపోయిందేమోనని అడిగాను. తెలివితక్కువ ప్రశ్నే.

అతను లేచి వచ్చి తలుపు మీద వేలు పెట్టాడు. పై రంగు గీకుతూంటే కింద చేతి రాత అక్షరాలు బయటపడినాయట. వాళ్ళ యింటిపేరు, దాని పక్కన "అండ్ సన్".

"నేను పుట్టిన ఏడు నాన్న రాసుకున్నాడు. నాకు పద్ధెనిమిదో ఏడు రాగానే కార్ఖానాలో పనికి పోయాను. తోటలో ఒక్క కాపు కూడా నేను అమ్మలేదు. నాన్న ఆ ఏడే రంగు పూసి, బండి కొట్టంలో పెట్టాడు" అన్నాడు. యింకేమీ అనలేదు.

ఈ సరదా వున్నవాళ్ళకు క్లబ్బులున్నాయి. ఏ బోల్టుకు ఏ పూత, ఏ నెలలో ఏ రంగు అని పుస్తకమే వున్నది. కంపెనీ గుమ్మం దాటిన రోజున బండి ఎట్లా వున్నదో అట్లాగే వుండాలి, లేకపోతే పోటీలలో మార్కులు పోతాయి. 1929లో యీ అక్షరాలు లేవు. కనక అవి తప్పు! సీట్లు కుట్టిపెట్టిన స్నేహితుడు, "తలుపు రుద్దెయ్యి, లేదా బండంతా తుప్పుతోనే వుంచు, రెంటికీ చెడ్డ పని చెయ్యకు" అని చెప్పి చెప్పి, ఆఖరుకు మాట్లాడటం మానేశాడట. స్నేహితుడి మాటలోనూ న్యాయం లేకపోలేదని నాకు తోచింది. సగం కొత్త, సగం పాత బండి చూడటానికి ఎబ్బెట్టుగానే వుంది. అయినా ఆ అక్షరాల మీద గరుకు కాయితం పెట్టమని ఆ మనిషితో నేను అనలేకపోయాను.

"మీ వాళ్ళెవరైనా నడుపుతారా?" అన్నాడు అల్లుడు.

"అబ్బాయికి క్లచ్చి నొక్కడమే రాదు. దీనికి గేరు మార్చినప్పుడల్లా రెండుసార్లు నొక్కాలి. మనవరాలు నేర్చుకుంటోంది. మొన్న గేరుబాక్సు అరిచిన అరుపుకు కుక్క పారిపోయింది."

చీకటిపడ్డాక వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగించారు. బండ్లు ఒక్కొక్కటే కదిలినాయి. మా పెద్దమనిషి తాళం తిప్పి, స్టీరింగు పక్కనున్న మీటలు సర్ది, కాలితో స్టార్టరు నొక్కాడు. బండి రెండుసార్లు దగ్గి అందుకుంది. పక్క సీటు ఖాళీగా వున్నది. నన్ను రమ్మన్నట్టు చెయ్యి వూపాడు. ఆ పాత తలుపు తీసుకునే ఎక్కాలి. అరచెయ్యి అక్షరాల మీద పడకుండా, పై అంచు పట్టుకుని మెల్లగా లాక్కున్నాను.