కాపు తగ్గిన యేడు

ఆటగాని వెల కట్టుట యెట్లు? నిరుటి లెక్క చూచి చెప్పుట సులభము. కాని మా పుత్తూరు ప్రాంతమున మామిడితోపులు గలవారందఱు నెఱుగుదురు: ఒక యేడు విరగకాచిన చెట్టు మఱుసటి యేడు తఱచుగా కాపు తగ్గును. తోటను గుత్తకు దీసికొను వర్తకుడు నిరుటి కాయలను మాత్రమే లెక్కింపడు. ఆకును జూచును, పూతను జూచును, తెగులు సోకినదా, నీరు చాలలేదా యని విచారించి పిమ్మట ధర చెప్పును. ఆటగాండ్ర విషయమున మాత్రము మన కీ యోపిక యుండదు.

విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డిని జూతము. ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలకై హైదరాబాదు జట్టు ఇతనిని తొలుత 20 లక్షల రూపాయలకు గొన్నది. 2024లో ఇతడు 303 పరుగులు చేసి, వర్ధమాన క్రీడాకారుని బహుమానము నందెను. ఆ యేటనే జట్టు 6 కోట్లకు నిలుపుకొన్నది. డిసెంబరులో మెల్‌బోర్ను టెస్టున 114 పరుగులు చేసెను. 2025 జనవరిలో ప్రక్కకండరము నొచ్చి ఆటకు దూరమయ్యెను. ఆ వేసవి 13 ఆటలలో 182 పరుగులు, 2 వికెట్లు మాత్రమే. ఆఱు కోట్లు దండుగయని మాలోనే కొందఱనిరి. జట్టు మాత్ర మా నవంబరులో ఇతనిని విడువలేదు.

హైదరాబాదు మహమ్మద్ సిరాజు వృత్తాంత మింకను స్పష్టము. 2019లో బెంగుళూరు జట్టున 9 ఆటలాడి 7 వికెట్లే తీసెను. ఓవరునకు తొమ్మిదికి పైగా పరుగులిచ్చెను. అయినను జట్టు నిలుపుకొన్నది. 2020 అక్టోబరులో అబుదాబియందు కలకత్తా జట్టుపై 4 ఓవర్లలో 8 పరుగులే యిచ్చి 3 వికెట్లు గూల్చెను. ఆ డిసెంబరులోనే టెస్టు ఆటగాడయ్యెను. తరువాత బెంగుళూరు విడిచినను, 2024 నవంబరు వేలమున గుజరాతు జట్టు 12.25 కోట్లకు గొన్నది.

అట్లని జాఱిన ప్రతివాడును మరల లేచునని మేము చెప్పము. అడుగవలసినవి మూడు ప్రశ్నలు. శరీరము స్వస్థముగా నున్నదా? వానికి అలవడిన పనినే అప్పగించిరా? ఒకనాడు చూపిన నేర్పు నేటి సాధనలో కానవచ్చుచున్నదా? ఈ మూడింటికి ఉత్తరము రాకమున్ను వెల చెప్పుట తొందరపాటు.

ఇది మాకు వట్టి కాలక్షేపపు చర్చ కాదు. నిరుడు మా పాఠశాల జట్టున మొదట బ్యాటుపట్టు బాలుడొకడు మణికట్టు విఱిగి, కట్టు విప్పిన మూడవ వారముననే పోటీలకు దిగెను. నాలుగు ఆటలలో 18 పరుగులు చేసెను. ఎముకలు కట్టుటకు పేరువడిన యూర నున్నవారము. కట్టు విప్పిన చేయి వెంటనే మునుపటి చేయి కాదని మాకు వేఱుగ జెప్పనక్కఱలేదు. అయినను ఈ యేడు జట్టు నేర్చునపుడు వాని పేరు కొట్టివేయుమని కొందఱనిరి. ఆ స్థానమునకై ఎనిమిదవ తరగతి బాలుడొకడు కాచుకొని యుండెను. జాలిచే నొకనికి చోటిచ్చిన, రెండవవానికి అన్యాయమగును.

కావున పది సాయంకాలములు ఇద్దఱిచేతను ఒకే బౌలర్ల యెదుట ఆడించితిమి. మొదటి మూడు దినములు పెద్దవాడు చేతిని వెనుకకు దీసికొనుచుండెను. ఆఱవనాటికి వెఱపు తగ్గినది. బంతి బ్యాటు నడుమ తగులుచుండెను. వానినే తీసికొంటిమి. చిన్నవానిని పండ్రెండవవానిగా నుంచి, వచ్చు నెల మరల చూతుమని మాట యిచ్చితిమి.

పెద్ద పోటీలలో జట్లు పది. ఒకరు విడిచిన నింకొకరు కొందురు. ఇచ్చటి బాలునకు జట్టొక్కటే. మేము విడిచిన నాడు వాని పేరు పిలుచువారుండరు, బ్యాటు అటకెక్కును. వేలములో కోట్లు పెట్టువారికంటె మాకే నిదానమెక్కువగా నుండవలెను.