నాలుగు గంటల హైదరాబాద్

తిరువూరుకు రైలు లేదు. హైదరాబాద్‌ను ఒక్కరోజులో చూసి రావాలంటే ముందు గంపలగూడెం మీదుగా మధిర చేరాలి. తెలంగాణలోకి దాటితే మాకు దగ్గర్లో రైలు దొరుకుతుంది. తెల్లవారుజామునే అమ్మను బండెక్కించుకుని బయల్దేరాను. రాత్రి మధిరలో దిగాక మా వైపు బస్సు ఉంటుందన్న భరోసా లేదు. బండి స్టేషన్ దగ్గర స్టాండులో పెట్టుకుంటే ఆటో బేరం తప్పుతుంది.

మా లెక్కకు కుదిరేది శాతవాహన ఎక్స్‌ప్రెస్. మధ్యాహ్నానికి సికింద్రాబాద్ చేరుస్తుంది, సాయంత్రం నాలుగు దాటాక తిరుగు ప్రయాణం. సెకండ్ సిట్టింగ్ ముందే రిజర్వు చేయించాను. జనరల్ టికెట్ మీద అదనంగా పడేది 15 రూపాయలే. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని ఖమ్మం నుంచి కాజీపేట దాకా నిలబెట్టి ఆ డబ్బు మిగల్చడం పొదుపు కాదు. డోర్నకల్ దాటాక అమ్మ స్టీలు డబ్బా తీసింది. పులిహోర, ఊరమిరపకాయలు. హోటల్ ఖర్చు అక్కడితో పోయింది.

నగరంలో చేతికొచ్చేది నాలుగు గంటలు. చార్మినార్, గోల్కొండ, బిర్లా మందిర్ అన్నీ చూడాలనుకుంటే ఆటోలకే సగం డబ్బు, సగం పొద్దు పోతాయి. అందుకే ఒక్క సాలార్‌జంగ్ మ్యూజియమే పెట్టుకున్నాం. దానికి శుక్రవారం సెలవు, అది చూసుకునే టికెట్ తీశాను. సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ తెలంగాణ వాళ్ళకే. అమ్మ ఆధార్‌లో ఉన్నది తిరువూరు. అందుకే మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్‌లో మారి, ఎంజీబీఎస్‌లో దిగాం. అక్కణ్ణుంచి మూసీ పక్కగా మెల్లగా నడక.

మ్యూజియంలో ముసుగు రెబెక్కా బొమ్మ దగ్గర అమ్మ కదల్లేదు. బెంజోనీ చెక్కిన ఆ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. పల్చటి మేలిముసుగు, దాని వెనక ముక్కు, పెదవులు, వంచిన కనురెప్పలు... అంతా ఒకే పాలరాయి. అమ్మ తన కొంగు చివర రెండు వేళ్ళతో పట్టుకుని, దాన్నీ బొమ్మనూ మార్చి మార్చి చూసింది.

"ఏరా, ఇంత పల్చగా చెక్కుతుంటే రాయి పగల్లేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇంకో పావుగంట అక్కడే ఉన్నాం.

రెండు కావస్తుంటే మ్యూజియంలోని గంటల గడియారం ముందు జనం చేరారు. లోపల కమ్మరి బొమ్మ క్షణక్షణానికీ సుత్తి వేస్తోంది. తలుపు తెరుచుకుని గడ్డం మనిషి బయటికొచ్చి రెండుసార్లు గంట కొట్టి లోపలికెళ్ళాడు. పిల్లలతో పాటు అమ్మా చప్పట్లు కొట్టింది.

మూడింటికల్లా మళ్ళీ మెట్రోలో ఉన్నాం. మధిరలో దిగేసరికి బాగా చీకటి పడింది. కొండపల్లి-కొత్తగూడెం రైలు మార్గం మాట మా ప్రాంతంలో ఏళ్ళుగా వింటున్నాం. అది పడితే అమ్మలాంటి వాళ్ళు ఆ చీకటి రోడ్డు మీద బండి వెనక కూర్చుని రావక్కర్లేదు, తిరువూరులోనే దిగొచ్చు.