లెక్కల పుస్తకం రాసిందెవరు

అమెరికాలో హైస్కూలు పిల్లలు కాలేజీ స్థాయిలో చదివే పాఠాలుంటాయి. మా అమ్మాయి పదకొండో తరగతిలో అలాంటిదే ఒకటి తీసుకుంది, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అమెరికా చరిత్ర. మే నెలలో పరీక్ష. 1607 నుంచి 1754 దాకా వలస రాజ్యాల కాలం అందులో ఒక భాగం. మేముండేది వర్జీనియాలోనే, ఆ కథంతా మొదలైన నేల మీదే. నేను పుట్టి పెరిగింది మాత్రం జహీరాబాద్ పక్కన మొగుడంపల్లిలో. బిడ్డకు సాయం చేయబోయి నేను రెండు తప్పులు చేశాను. మొదటిది త్వరగానే దిద్దుకున్నాను.

ఆ మొదటిది బట్టీ. మేం పదో తరగతి గట్టెక్కింది అట్లాగే కాబట్టి ఆమెకూ అదే నేర్పాను. 1607లో జేమ్స్‌టౌన్, 1619లో మొదటి ఆఫ్రికన్లు దిగడం, 1620లో మేఫ్లవర్, 1676లో బేకన్ తిరుగుబాటు, 1692లో సేలం విచారణలు. అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేది. పరీక్షలో నాలుగో వంతు మార్కులున్న ప్రశ్నకు ఇవేవీ సరిపోవు. ఏడు పాత పత్రాలు చేతికిచ్చి, వాటితో ఒక వాదన కట్టమంటారు. ఈ పత్రం ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఏం ఆశించి రాశారు అన్నది చెప్పినందుకూ అందులో మార్కు ఉంటుంది.

రెండో తప్పు ఇంటి దగ్గర రాసుకు రమ్మన్న వ్యాసంలో జరిగింది. పదిహేడో శతాబ్దపు వర్జీనియాలో ఒప్పంద కూలీల స్థానంలోకి బానిసలు ఎలా వచ్చారన్నది ప్రశ్న. ఓడ ఖర్చు పెట్టుకోలేని ఇంగ్లండు పేదలు నాలుగు నుంచి ఏడేళ్ళు ఊడిగం చేస్తామని కాగితం మీద సంతకం పెట్టి వచ్చేవాళ్ళు. వాళ్ళ ఖర్చు భరించిన ఆసామికి, 1618లో పెట్టిన పద్ధతి ప్రకారం, తలకు యాభై ఎకరాల భూమి దక్కేది. అది చదివి వినిపిస్తుంటే నేను మధ్యలోనే అందుకున్నాను. "ఇది నాకు తెలిసిందే బిడ్డా. మన ఊళ్ళో జీతగాళ్ళు ఇట్లనే ఉండేటోళ్ళు. వెట్టి ఎక్కడైనా వెట్టే" అన్నాను. నాన్న కళ్ళారా చూసిన విషయం కదా అని ఆమె నమ్మింది. ఒప్పంద కూలీ, బానిస, మన జీతగాడు అందరూ ఒక్కటేనని రాసింది. అడిగిన మార్పునే వ్యాసం చెరిపేసిందని టీచరు అంచున రాసి పంపారు.

ఆ తర్వాత కూర్చుని ఇద్దరం చదివాం. 1640లో వర్జీనియాలో ముగ్గురు సేవకులు ఒకే యజమాని దగ్గరి నుంచి పారిపోయి పట్టుబడ్డారు. ఇద్దరు ఐరోపా వాళ్ళు, ఒకరు ఆఫ్రికన్, పేరు జాన్ పంచ్. ఇద్దరికీ నాలుగేళ్ళ ఊడిగం పెంచారు. జాన్ పంచ్‌ను మాత్రం బతికినంత కాలం ఊడిగం చేయమన్నారు. ముగ్గురూ చేసిన తప్పు ఒకటే. 1662లో బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టే అని చట్టం చేశారు. బానిస కడుపున పుడితే, తండ్రి ఎవరైనా సరే, పుట్టుకతోనే బానిస. 1676లో బేకన్ వెంట తెల్ల కూలీలూ నల్లవాళ్ళూ కలిసి తిరగబడి జేమ్స్‌టౌన్‌ను తగలబెట్టారు. ఆ భయం ఒకవైపు, ఇంగ్లండు నుంచి కూలీలు రావడం తగ్గడం ఇంకోవైపు, ఆసాములను బానిసల వైపు నడిపాయి. ఇందులో ఏ కారణం బరువు ఎంతన్నది చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. 1705 చట్టాలతో అదంతా గట్టిపడింది. అంటే బానిసత్వాన్ని ఒక్కో తీర్పుతో, ఒక్కో చట్టంతో మనుషులు కట్టారు. నేను ఒక్క వాక్యంతో ఆ కట్టినవాళ్ళందరినీ వదిలేశాను.

తరగతిలో వాళ్ళకిచ్చిన పత్రాల్లో 1623లో రిచర్డ్ ఫ్రెథార్న్ అనే కుర్రాడు ఇంగ్లండులోని అమ్మానాన్నలకు రాసిన ఉత్తరం ఉంది. ఆకలి, రోగాలు, ఎలాగైనా విడిపించమని బతిమాలడం. ఒప్పంద కూలీ తన నోటితో తాను చెప్పుకున్న మాట అది. ఇంకోచోట 1635 నాటి భూమి పట్టాలో టోనీ అనే మనిషి కనిపించాడు. పేరు పక్కన ఈస్ట్ ఇండియన్ అని ఉంది. మన వైపు నుంచి వెళ్ళినవాడే అయ్యుండాలి. జార్జ్ మెనెఫీ అనే ఆసామి భూమి కోసం చూపించిన తలల్లో ఒక తల. టోనీ గురించి అక్కడున్నది అంతే.

అప్పుడు మా అమ్మాయి అడిగింది. "నాన్నా, జీతగాడు మీ ఇంట్లో మనిషిలాగే ఉండేవాడని చెప్పావు. అది ఆయన చెప్పాడా, నానమ్మ చెప్పిందా?"

జీతగాడు ఉన్నది ఊళ్ళో ఎవరింట్లోనో కాదు, మా ఇంట్లో. ఆయన అన్నం తిన్నది పశువుల కొట్టంలో, విడిగా పెట్టిన పళ్ళెంలో. మా నాన్న వయసు మనిషిని చిన్నపిల్లలం పేరు పెట్టి పిలిచేవాళ్ళం. ఉగాదికి ఉగాదికి లెక్క చూసేవాళ్ళు, బాకీ మిగిలిందనేవాళ్ళు, మళ్ళీ ఏడాది చెరుకుతోట, ఎడ్లు, రాత్రి కావలి. ఆ లెక్కల పుస్తకం రాసింది మా తాత, తర్వాత మా నాన్న. ఇవన్నీ నాకు తెలుసు. బిడ్డకు చెప్పేటప్పుడు పండక్కి కొత్త బట్టలు పెట్టిన సంగతి మాత్రం చెప్పాను.

జహీరాబాద్ 1956 దాకా నిజాం కాలపు బీదర్ జిల్లాలో ఉండేది. అప్పుకు మనిషిని పనికి కట్టేసే భగేలా ఆ రాజ్యంలో పాతుకుపోయిన పద్ధతి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం తాను రద్దు చేస్తున్న పద్ధతుల పేర్లు వరసగా రాసింది. అందులో భగేలా ఉంది, జీతా ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మా ఇంట్లో లెక్క ఆ చట్టం తర్వాత కూడా నడిచింది. మా జీతగాడిని ఎవరూ సంతలో అమ్మలేదు, ఆయన పిల్లలు మా ఆస్తి కారు. వర్జీనియా బానిసలకూ ఆయనకూ ఆ తేడా పెద్దది, దాన్ని చిన్నది చేయకూడదు. కానీ అప్పు ఆయనకు వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఫ్రెథార్న్ కాగితానికి గడువైనా ఉంది. అన్నీ ఒక్కటే అనడం వల్ల నేను అడగకుండా తప్పించుకున్న ప్రశ్న ఇదే. మా ఇంట్లో గడువు ఎందుకు లేదు?

అమ్మకు ఫోన్ చేశాను. "ఆఖరికి బాకీ మీ నాయిననే మాఫ్ చేసిండు గదా, ఇప్పుడెందుకురా ఆ ముచ్చట" అంది. మా జీతగాడు ఇప్పుడు లేడు. ఆయన కొడుకు జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పనికి పోతున్నాడు. నంబరు కనుక్కుని చేశాను. మాట మాటకూ పటేలా అంటుంటే, అట్లా అనొద్దన్నా అన్నాను. అలవాటు అన్నాడు. అప్పు ఎక్కడ మొదలైందో ఆ కొడుకుకు బాగా తెలుసు. వాళ్ళ నాన్న పెళ్ళికి వాళ్ళ తాత మా ఇంట్లో తెచ్చిన పైకం. మాఫీ సంగతి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. మాఫీ ఏమీ లేదు, మేనమామ దగ్గర చేబదులు తెచ్చి కట్టి తండ్రిని విడిపించుకున్నారట. అప్పుడు తాను బడి మానేసి, ఆ చేబదులు తీర్చడానికి ఆలుగడ్డ తవ్వే కూలికి పోయాడట.

మా ఇంటి లెక్కల పుస్తకం ఇప్పుడు లేదు. అమ్మ చెప్పింది, జీతగాడి కొడుకు చెప్పింది రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కన పెట్టి మా అమ్మాయికి ఇచ్చాను. నేను ఎవరి మాట నమ్ముతున్నానని అడిగింది. బడి మానేసిన పిల్లవాడి మాటే నమ్ముతున్నానన్నాను. అమ్మకు కూడా అదే చెప్పాను.