పడుగు తర్వాతే పేక

మొన్న రాత్రి జమ్మలమడుగు నుంచి మా అన్న కూతురు ఫోన్ చేసింది. ఎమ్మెస్సీ లెక్కలు చదువుతోంది.

"చిన్నాయనా, వచ్చే సెమిస్టర్‌కు ఫంక్షనల్ అనాలిసిస్ పెట్టుకుంటా. మా వాళ్లంతా అదే పెడుతున్నారు. టోపాలజీ తర్వాత చూసుకోవచ్చు గదా?" అంది.

పులివెందులలో ఇరవయ్యేళ్లుగా లెక్కలు చెబుతున్నవాణ్ణి. అయినా వెంటనే నోరు పెగల్లేదు. సరిగ్గా అలాగే అనుకుని నేనొక ఏడాది పోగొట్టుకున్నాను మరి!

మా సొంతూరు ప్రొద్దుటూరు. నాన్న మగ్గం నేసి నన్ను చదివించాడు. డిగ్రీలో లీనియర్ ఆల్జీబ్రాను గైడు బట్టీపట్టి గట్టెక్కాను. ఎమ్మెస్సీలో, మార్కులు బాగా పడతాయని సీనియర్ ఒకాయన చెబితే ఫంక్షనల్ అనాలిసిస్‌కు టిక్కు పెట్టేశాను. మొదటి వారమే బోర్డు మీద బనాక్ స్పేస్ ప్రత్యక్షమైంది. నిర్వచనం నాలుగే మాటలు: కంప్లీట్ నార్మ్‌డ్ లీనియర్ స్పేస్. లీనియర్ స్పేస్ అంటే ఏమిటో లీనియర్ ఆల్జీబ్రా చెప్పాలి. కంప్లీట్ అంటే ఏమిటో రియల్ అనాలిసిస్ చెప్పాలి. రెండు పరీక్షలూ రాసిన గుర్తే గానీ, రెండూ తెలిసిన గుర్తు లేదు. ఇంకేముంది, పేపరు పోయింది.

ఇంటికొచ్చేసరికి నాన్న అచ్చు అతుకుతున్నాడు. ఏం జరిగిందని అడిగాడు. నాకు చేతనైనట్టు చెప్పాను.

"పడుగు లేకుండా పేక యాడ ఏస్తావురా?" అన్నాడు. అంతే, తిట్టలేదు. బంగారు అంగళ్లకు పేరుపడ్డ ఆ ఊళ్లో, నా రెండో ఏడాది ఖర్చుకు అమ్మ కమ్మలు కుదవకు పోయాయని తర్వాత తెలిసింది.

ఆ వేసవంతా మగ్గం పక్కనే కూర్చుని లీనియర్ ఆల్జీబ్రా మొదటి పేజీ నుంచీ చేశాను. ఒక్కో సిద్ధాంతం చదివి, పుస్తకం మూసి, మళ్లీ సొంతంగా రాసేవాణ్ణి. మరుసటేడు అదే పేపరు ప్యాసయ్యాను. కమ్మలు మాత్రం ఉద్యోగం వచ్చాకే విడిపించాను.

ఇదంతా పిల్లకు చెప్పాను. "రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా ముందు గట్టి చేసుకో. తర్వాత టోపాలజీ, కనీసం మెట్రిక్ స్పేస్‌లు. ఆపైన ఫంక్షనల్ అనాలిసిస్. కాంప్లెక్స్ అనాలిసిస్ కోసమైతే టోపాలజీ అంతా అయ్యేదాకా ఆగక్కర్లేదు. నంబర్ థియరీ మొదటి పాఠాలకు ఇవేవీ అక్కర్లేదు, ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు."

"అందరూ ముందుకు పోతాంటే నేను వెనకబడనా?"

"నేను ముందుకు పోయి వెనక్కొచ్చినవాణ్ణమ్మా! టిక్కు పెట్టే ముందు ఆ పుస్తకం మొదటి అధ్యాయం తెరువు. అభ్యాసాల్లో నాలుగైనా సొంతంగా చెయ్యి. చేయగలిగితే నిక్షేపంగా తీసుకో. అందులోని మాటలే కొత్తగా ఉంటే, వాటిని నేర్పే కోర్సు ముందు చదువు. ఐఐటీ మాస్టర్ల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా వినొచ్చు. మన రోజుల్లో అదీ లేదు."

కాసేపు మాట్లాడలేదు. "సరే చిన్నాయనా" అని పెట్టేసింది.

పొద్దున్నే మెసేజ్ వచ్చింది: "నాలుగింట్లో ఒక్కటీ రాలేదు. టోపాలజీ పెట్టినా."

అమ్మకు చదివి వినిపించాను. టోపాలజీ అంటే ఆమెకేం తెలుసు? ఒకసారి చెవి కమ్మ తడుముకుని, "పిల్లకు ఏడాది మిగిలిందిలే" అంది.